కుంటకు పెట్టిన సంగటి

ఎనభైల మొదట్లో పుంగనూరు దగ్గరి మా ఊళ్లో వరసగా చెనిక్కాయ, అదే వేరుశనగ పంట ఎండిపోయింది. మా ఆయన బెంగళూరుకు కూలికి పోదామన్నాడు. నేను కుప్పంలో పుట్టిన మనిషిని. తెల్లారకముందే రైలెక్కి కూలికి పోయే జనాన్ని చూస్తూ పెరిగాను. ఆ ఊసెత్తితేనే నాకు ఒళ్లు మండేది. కావాలంటే నువ్వు పో, నేను మాత్రం పుంగనూరు దాటి రానన్నాను. అప్పుడే మదనపల్లెలో చేపల ఆఫీసరొకాయన కుంటల్లో చేపలు పెంచుకోమని చెబుతున్నాడని తెలిసి, మా ఆయన ఊరి పెద్దలను కుంట అడిగాడు. ఇచ్చారు గానీ ఒక మాటన్నారు. అది గొడ్లు తాగే నీళ్లు, చెడిందా, మళ్లీ చేపల మాట ఎత్తకూడదు.

నాలుగు రకాలు కలిపి వేయమని ఆఫీసరు చెప్పాడట. మా ఆయన వింటేగా! బొచ్చె చేపలైతే తొందరగా పెరుగుతాయని ఒట్టి బొచ్చె పిల్లలే తెచ్చి వదిలాడు.

అవి కాస్త పెరిగి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఊరు ఊరంతా మురిసిపోయింది. ఆకలిగా నోరు తెరిచినదాన్ని చూసి ఊరకుండటం మా వైపు ఎవరికీ చేతకాదు. పక్కింటి అవ్వ అయితే రోజూ పొద్దుగూకే వేళకు రాగిసంగటి ముద్ద పట్టుకుని గట్టు మీద హాజరు. ఆమెకు రెండు పాడి ఎనుములు, ఊరికంతటికీ సరిపడే నోరు. "తినండి నాయనా, తినండి. మీ యజమాని ఒట్టి పిసినారోడు," అని మా ఆయనకు వినబడేలా అనేది. ఆమెను చూసి మిగతా ఇళ్లవాళ్లూ మొదలుపెట్టారు. బొచ్చెలు పైపైన తిన్నది కొంత, అడుగుకు పోయింది కొండంత.

ఎండలు ముదిరేసరికి కుంట కంపు కొట్టింది. అడుగు మట్టి కాటుకలా నల్లబడింది. చచ్చిన నత్తల గుల్లలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అవ్వ ఎనుములు నీళ్ల దాకా వచ్చి, మూతి పెట్టి, తాగకుండా వెనక్కి తిరిగాయి. ఇంకేముంది!

"యాల ఏసినార్రా ఈ పాడు చేపల్ని? నా ఎనుములు యాడికి పోయి తాగల్ల? రేపే పట్టి పారేయండి!" అని అవ్వ మా వాకిట్లో నిలబడి అరిచింది. మా ఆయన అటక మీది ట్రంకుపెట్టె దించి బట్టలు సర్దడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మరునాడు నేనే మదనపల్లె బస్సెక్కి ఆఫీసరును పిలుచుకొచ్చాను. ఆయన మోకాళ్ల లోతుకు దిగి, పిడికెడు బురద తీసి వాసన చూశాడు. "వీటికి ఏం పెడుతున్నారమ్మా?"

గట్టు మీద ఊరంతా ఉంది. అవ్వే ముందుకొచ్చి అంది. "సంగటి నాయనా. నోరు తెరుస్తాంటే పెట్టకుండా ఎట్టుండేది?"

ఆయన నవ్వలేదు, ఎవరినీ తిట్టలేదు. బొచ్చె పైన మేసే చేప. మునిగిన తిండి అడుగున కుళ్లి, బురదలో బతికే పురుగులకూ నత్తలకూ గాలి లేకుండా చేసిందని చెప్పాడు. సంగటి ఆపాలి. నీళ్లింకాక నల్లమట్టి తోలేయాలి. వానలు పడ్డాక బొచ్చెలతోపాటు నడిమి నీళ్లలో మేసే శీలావతి, అడుగున ఏరుకు తినే ఎర్రమోసు, బంగారుతీగ కలపాలి. "అడుగు చేపలు కొంచెమే వేయండి. ఎక్కువైతే అవే బురదంతా కెలికి నత్తల్ని కూడా మిగలనీయవు," అని మరీ మరీ హెచ్చరించాడు.

"ఇంగొక ఏడు సూద్దామాప్పా?" అని మా ఆయన పెద్దలను బతిమాలాడు. వాళ్లు అవ్వ వైపు చూశారు. ఆమె కొంగు నడుముకు దోపుకుని, "సూడండి. నా ఎనుముల్ని బాయికాడికి తోలుకుంటా. నీళ్లు మాత్రం నీ పెండ్లామే తోడల్ల," అంది. ఆ వేసవంతా తోడాను. చేతులు బొబ్బలెక్కాయి. ఒక్కనాడూ విసుక్కోలేదంటే అబద్ధం.

పెరిగిన బొచ్చెలను పుంగనూరు సంతలో అమ్మేసి, నీళ్లింకాక నల్లమట్టి తోలేసి, వానలకు నాలుగు రకాలూ వదిలాం. ఈసారి కుంటకు కాపలా అవ్వే. ఎవరి చేతిలోనైనా సంగటి కనబడితే వాళ్ల ఏడు తరాలనూ కడిగేసేది.

మళ్లీ ఎండలొచ్చాయి. నీళ్లు తగ్గాయి గానీ కంపు లేదు. ఒకరోజు అవ్వ ఎనుములను కుంటకే తోలుకొచ్చింది. అవి మూతి పెట్టాయి. తలెత్తకుండా తాగాయి, తాగి తాగి నీళ్లలోనే పడుకున్నాయి. అవ్వ బురదలోకి దిగి చేత్తో కెలికింది. అరచేతిలో రెండు నత్తలు, మెలికలు తిరుగుతూ ఒక ఎర్ర పురుగు. వాటిని మెల్లగా మళ్లీ బురదలో పెట్టి నా వైపు తిరిగింది.

"ఇంగ బెంగులూరు గింగులూరు అనొద్దని నీ మొగునికి చెప్పు మే. మీరు పోతే నేనెవుర్ని తిట్టుకునేది?"

నేను ఆ బురదలోనే వంగి ఆమె కాళ్లు పట్టుకున్నాను.