హాలు మధ్యలో లైటు

అద్దె ఇంట్లో పుట్టొచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కని పెంచుకోవచ్చు. చావడానికి మాత్రం వీల్లేదు. ఏలూరులో గానీ, తాడేపల్లిగూడెంలో గానీ ఏ ఇంటివాళ్ళూ ఈ మాట ముందుగా చెప్పరు. చెప్పాల్సిన రోజు వచ్చినప్పుడు మాత్రం ఎంత మంచివాళ్ళయినా తల వంచుకుని వచ్చి మెత్తగా చెబుతారు. శవాన్ని లోపల ఉంచడానికి వీల్లేదు. గేటు బయట, రోడ్డు పక్కన షామియానా వేసుకుని అక్కడ పెట్టుకోవాలి. పెళ్ళాం పిల్లలు అక్కడే కూర్చుని ఏడవాలి. పక్కనుంచి ఆటోలు హారన్లు కొట్టుకుంటూ పోతూనే ఉంటాయి.

సుందరమ్మ బతుకంతా అద్దె ఇళ్ళలోనే గడిచింది. ఆవిడ భీమడోలు చుట్టుపక్కల ఊళ్ళలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త కృపావరం ఆర్టీసీ కండక్టరు. ఏలూరు నుంచి ఆకివీడు వైపు తిరిగే బస్సుల్లో ఆయన్ని ఎరగని కొల్లేటి లంక మనిషి లేడు. చేపల బుట్టలతో ఎక్కిన ఆడవాళ్ళని ఎవరైనా విసుక్కుంటే, "మధ్యాహ్నం పులుసు పోసుకునేటప్పుడు రాని వాసన ఇప్పుడొచ్చిందా అండీ" అని మర్యాదగానే నోరు మూయించేవాడు. ఇక నర్సుకి ఇల్లు అద్దెకివ్వడమంటే ఎవరికి చేదు? జ్వరమొస్తే గుమ్మంలోనే సూది పడుతుంది. ఇంటివాళ్ళ మనవలు కొందరు సుందరమ్మ చేతుల మీదుగానే భూమ్మీద పడ్డారు. అంత దగ్గరితనం ఉన్నా గేటు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది.

ఆ లెక్క వాళ్ళకి గూడెంలో తెలిసింది. కృపావరం తాడేపల్లిగూడెం డిపోలో ఉన్న రోజుల్లో ఆయన తల్లి వరమ్మ పోయింది. వానాకాలం. ఇంటాయన వచ్చి, ఏమీ అనుకోవద్దండీ అంటూ చెప్పాల్సింది చెప్పి వెళ్ళాడు. వరమ్మని మంచంతో సహా తెచ్చి రోడ్డు మీద పెట్టారు. పైన షామియానా కారుతోంది. పక్కనున్న కరెంటు స్తంభం మీద ట్యూబులైటు ఆరుతూ వెలుగుతూ ప్రాణాలు తోడేసింది. లంకల నుంచి ఆలస్యంగా చేరిన ఆవిడ చెల్లెళ్ళు మొహం చూద్దామని వంగేసరికి చీకటి పడిపోయేది. కృపావరం గొడుగు పట్టుకుని నుంచుని, వెలుగు వచ్చినప్పుడల్లా తల్లి వైపు చూసుకున్నాడు. తరవాత ఎన్నేళ్ళయినా ఆయన ఆ ఇంటాయన్ని ఒక్క మాట అనలేదు. మా అమ్మ మొహం చివరిసారి సరిగ్గా చూసుకోలేకపోయాను అని మాత్రం అనేవాడు.

ఇద్దరూ రిటైరయ్యాక ఏలూరు శివార్లలో, కొల్లేటి వైపు పల్లపు లేఅవుటులో కాస్త స్థలం తీసుకున్నారు. రెండువేల ఆరులో పాస్టరుగారు ప్రార్థన చేసి పునాదిరాయి వేయించారు. పునాదులు పైకి తేలేసరికి కృపావరం కాళ్ళకి నీరు పట్టింది. సుందరమ్మకి ఒకరు చెప్పక్కర్లేకపోయింది. వేలితో నొక్కి చూసింది. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. విజయవాడ తీసుకెళ్తే రెండు కిడ్నీలూ పోయాయన్నారు. డయాలసిస్ మొదలైంది.

కొడుకు వెస్లీ ఆకివీడులో చేపల మేత అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. నాన్న ఈ స్థితిలో ఉంటే ఇల్లేమిటమ్మా, ఆపేద్దాం అన్నాడు. సుందరమ్మ ససేమిరా అంది. ఆవిడ మనసులో ఉన్నది ఒకటే. ఈయన్ని రోడ్డు మీద పడుకోబెట్టకూడదు. ఈయన వెళ్ళేలోగా ఇల్లు లేవాలి. ఈ మాట కొడుకుతో అనలేదు, భర్తతో అసలే అనలేదు. అది కాస్తా మేస్త్రీ అబ్బాయిరాజు నెత్తి మీదికి వచ్చింది. పొద్దున్నే వెళ్ళి ఆయన్ని నిలబడనిచ్చేది కాదు, కూర్చోనిచ్చేది కాదు. ఇంతమందికి ఇళ్ళు కట్టాను గానీ ఇలా తరిమినవాళ్ళు లేరండీ అని ఆయన మొత్తుకునేవాడు.

శ్లాబు పోసే ముందే ఫ్యాన్ల కొక్కేలు, లైట్ల పైపులు సెంట్రింగు మీద పరిచి పెట్టుకోవాలి. కాంక్రీటు పడ్డాక ఇక జరపడానికుండదు. ఆ పని చేసే జాషువా వాళ్ళ చర్చి సంఘంలో మనిషే. హాలు మధ్యలో ఫ్యాను కొక్కెం పెట్టబోతుంటే కృపావరం వద్దన్నాడు. ఫ్యాను గోడ వైపుకి జరుపు, మధ్యలో లైటు రావాలి అన్నాడు. ఊళ్ళో ఎవరింట్లో చూసినా హాలు మధ్యలో ఫ్యానే తిరుగుతుంది. ఈ కొల్లేటి ఉక్కలో ఫ్యాను వదులుకుని లైటు కింద కూర్చునే వెర్రివాడు లేడు. వేసవిలో నన్ను తిట్టుకుంటారు బాబాయిగారూ అని జాషువా నవ్వాడు. కృపావరం వినలేదు. పైగా ఆ లైటుకి ఎదురుగా గోడలో, నేలకి జానెడు ఎత్తున ఒక ప్లగ్గుకి కూడా పైపు దింపమన్నాడు.

"అంత కిందనా? ఎందుకండీ?" అంది సుందరమ్మ.

"ఐసు పెట్టెకి. మనిషిని హాల్లో పడుకోబెట్టాక వైరు ఏ గదిలోంచో లాగితే, చూడ్డానికి వచ్చేవాళ్ళ కాళ్ళకి తగులుతుంది."

అదేదో గ్రైండరు సంగతి చెప్పినట్టు చెప్పాడు. సుందరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఇసక కుప్ప దాకా నడిచింది. తను గుండెల్లో దాచుకున్నదే ఆయనా దాచుకున్నాడని, ఆయనా తన చివరి రోజు కోసమే ఇల్లు కట్టిస్తున్నాడని ఆవిడకి అప్పుడు తెలిసింది. చెప్పుకోడానికి బాగుండదు గానీ, కొంత తేలికైంది. ఇద్దరూ ఒకే పని మీద ఉన్నారు.

గోడల పూత అవుతుండగా లైట్లు కొందామన్నాడు కృపావరం. ఇంకా గచ్చు పడలేదు, తలుపులు ఎక్కలేదు, ఇప్పుడు లైట్లేమిటండీ అంటే, ఇప్పుడైతే నేను రాగలను అన్నాడు. డయాలసిస్ లేని రోజు చూసుకుని ఇద్దరూ ఆటోలో ఏలూరు బజారుకి వెళ్ళారు. చలపతిరావు లైట్ల కొట్టు కప్పు కనపడకుండా వేలాడుతున్న దీపాలతో నిండి ఉంది. అన్నీ ఒక్కసారి వెలిగిస్తే కొట్టంతా పొయ్యి పక్కన నుంచున్నట్టు వేడెక్కింది. హాలుకని చెప్పగానే ఆయన గాజు పూసలు వేలాడే పెద్ద దీపాల గుత్తి చూపించి, ద్వారకా తిరుమలలో కల్యాణ మండపానికి ఇదే పట్టుకెళ్ళారండీ అన్నాడు. దాని దుమ్ము ఎవరు తుడుస్తారండీ, మా ఆవిడకి నడుం నొప్పి అన్నాడు కృపావరం.

వాచిన కాళ్ళకి చెప్పులు పట్టక వదులు బూట్లు వేసుకొచ్చిన మనిషి, ఒక స్టూలు అడిగి కూర్చున్నాడు. కూర్చుని, "సుందరం, నువ్విలా వచ్చి లైటు కింద నుంచో" అన్నాడు.

ఆవిడ నుంచుంది. ఒక లైటు వెలిగించారు. మొహం మరీ పాలిపోయినట్టుంది, వద్దన్నాడు. ఇంకోటి వెలిగించారు. కామెర్లొచ్చినట్టుంది, తీసెయ్యమన్నాడు. మరోటి వెలిగిస్తే కళ్ళ కింద గుంటలు కనపడుతున్నాయన్నాడు. కాస్త ఎడంగా జరగమనేవాడు, గడ్డం దించమనేవాడు, ఒకసారి కళ్ళు మూసుకోమన్నాడు కూడా. కొట్లోకి వచ్చినవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటున్నారు. లైటు మా ఇంటికి నప్పుతుందా అని అడిగేవాళ్ళనే చూశాను గానీ, మా ఆవిడ మొహానికి నప్పుతుందా అని చూసేవాళ్ళని ఇదే చూడటమండీ అని చలపతిరావు మురిసిపోయాడు.

సుందరమ్మ మాత్రం బిగుసుకుపోయి ఉంది. రేపు హాల్లో పడుకోబెట్టాక ఆయన మొహం ఎలా ఉంటుందో ఇవాళ తన మొహం మీద పెట్టి చూసుకుంటున్నాడు. అద్దంలో చూసుకోవడానికి ఉండదు కదా. అలా అనుకుంటే ఏడుపు తన్నుకొస్తోంది. ఏడిస్తే మొహం మారిపోతుంది, ఆయన చూసుకోలేడు. అందుకని పళ్ళు బిగించి, ఫోటో స్టూడియోలో నుంచున్నట్టు నుంచుంది.

చివరికి పాలరంగు గాజు గిన్నె, మూడు గొలుసుల మీద వేలాడేది ఒకటి వెలిగించారు. కృపావరం చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

"ఇది ఉంచండి," అని చలపతిరావుతో చెప్పి, "ఇందులో నువ్వు నీలాగే ఉన్నావు సుందరం," అన్నాడు.

గదులకీ వంటింటికీ ఏం కావాలని అడిగితే, ఏవో ట్యూబులైట్లు ఇప్పించెయ్యండి అంది సుందరమ్మ. ఆవిడకి తొందరగా బయటపడాలని ఉంది.

లైట్ల పెట్టెలన్నీ అద్దె ఇంట్లో మంచం కిందికి చేరాయి. వాటి వెనకే వానలు వచ్చిపడ్డాయి. ఆ ఏడు కొల్లేరు పైకి ఎగదన్నింది. పల్లపు లేఅవుటు కదా, రోడ్డూ కాలవా ఒకటైపోయాయి. సిమెంటు లారీ రానంది. కరెంటు మీటరు ఇవ్వాల్సినవాళ్ళు నీళ్ళు తియ్యనివ్వండమ్మా అన్నారు. అబ్బాయిరాజు పని ఆపేశాడు. సుందరమ్మ చీర ఎగదోపుకుని మోకాలి లోతు నీళ్ళలో నడిచి వెళ్ళి, కనీసం హాలు వరకైనా గచ్చు చేయించండని ఆయన్ని బతిమాలింది, తిట్టింది, మళ్ళీ బతిమాలింది. తడిసి ముద్దై ఇంటికి వస్తే కృపావరం మంచం మీంచి, వాన తగ్గనియ్యి, అంత తొందరేంటి అన్నాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "తొందర నాకు కాదండీ, మీకు," అనేసి నాలిక్కరుచుకుంది.

ఆయన నవ్వాడు. "నాకేం తొందర లేదు సుందరం," అన్నాడు.

ఆ వాన తగ్గకుండానే ఆయన పోయాడు. పొద్దున కాఫీ తాగి, కాసేపు పడుకుంటానని గోడ వైపు తిరిగినవాడు మళ్ళీ ఇటు తిరగలేదు. సుందరమ్మ నాడి చూసింది. ఇంకొకళ్ళదైతే పోయారని వెంటనే చెప్పేది. తన మొగుడి చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

ఇంటావిడ మంగాయమ్మ పరుగున వచ్చి, సుందరమ్మని కావిలించుకుని తనే ముందు ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు. తరవాత కళ్ళు తుడుచుకుని, ఏమీ అనుకోకండి సుందరమ్మగారూ, మా అమ్మాయికి సంబంధం కుదిరే వేళ అని ఆగిపోయింది. మీరు చెప్పక్కర్లేదండీ, మా ఇంటికి తీసుకెళ్ళిపోతాం అంది సుందరమ్మ. గచ్చు లేకపోతేనేం, తలుపులు లేకపోతేనేం, తీసుకెళ్ళండి అని కొడుకుని తరిమింది. వెస్లీ, సంఘ పెద్దలు వెళ్ళి చూసి వచ్చారు. గుమ్మం మెట్టు దాకా నీళ్ళున్నాయి. వ్యాను పోదు. కరెంటు లేదు, ఐసు పెట్టె పనిచెయ్యదు. లంకల నుంచి వచ్చే జనం ఎక్కడ నుంచుంటారు? మోసుకెళ్ళండి, నేనూ ఒక చెయ్యి వేస్తాను అని ఆవిడ అందరి కాళ్ళావేళ్ళా పడింది. పాస్టరుగారు ఆవిడ తల మీద చెయ్యి వేసి, అమ్మా, ఆయన్ని నీళ్ళలో పడేసుకుంటాం అన్నారు. ఆ మాటతో ఆవిడకి ఒప్పుకోక తప్పలేదు.

కృపావరాన్ని గేటు బయట షామియానా కింద పెట్టారు. లంకల ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, మా కండక్టరుగారు అని రోడ్డు మీద చతికిలబడి ఏడ్చారు. మంగాయమ్మ అందరికీ కాఫీలు కాచి పోసింది. తప్పు పట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు. సుందరమ్మ కళ్ళ వెంట చుక్క రాలేదు. ఇంత కట్టీ చివరికి ఈయన్ని రోడ్డు మీదే పెట్టానే అన్న ఒక్కటే లోపల సుడి తిరుగుతోంది. సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు కూడా అదే.

నీళ్ళు తీశాయి. వెస్లీ పట్టుబట్టి మిగిలిన పని చేయించాడు. సుందరమ్మ ఆ వైపు వెళ్ళనే లేదు. లైట్లు బిగించే రోజున మాత్రం, ఏది ఎక్కడో నాకు తెలీదమ్మా, నువ్వు రావాలని బలవంతాన తీసుకెళ్ళాడు. జాషువా నిచ్చెన వేసుకుని హాలు మధ్యలో గాజు గిన్నె పెట్టె విప్పుతున్నాడు.

"అది వద్దు జాషువా," అంది. "కొట్లో ఇచ్చేసి, గోడకో ట్యూబులైటు పెట్టెయ్యి. ఎవరి కోసమని తెచ్చామో ఆయన రోడ్డు మీంచే వెళ్ళిపోయాడు."

జాషువా గాజు గిన్నెని మెల్లిగా కింద పెట్టాడు.

"ఇది బాబాయిగారికి కాదండీ పిన్నిగారూ. మీకు."

సుందరమ్మకి అర్థం కాలేదు.

"శ్లాబుకి పైపులు పరిచిన రోజు, మీరు ఇసక దగ్గరికి వెళ్ళినప్పుడు అన్నారండీ. 'ఇల్లయ్యేదాకా నేనుండనురా, నాకు తెలుసు. నన్ను మా అమ్మని పెట్టిన చోటే పెడతారు, ఫరవాలేదు. మీ పిన్ని మాత్రం తన ఇంట్లో ఉండాలి. ఆ రోజు ఆవిడ మొహం చూసుకోడానికి నేనుండను కదా, అందుకే ముందే చూసుకుని వెళ్తాను' అన్నారు. మీతో అనొద్దని ఒట్టు వేయించుకున్నారు."

కొట్లో ఆయన అంతసేపు చూసింది తన మొహాన్నేనని సుందరమ్మకి అర్థమైంది. జరగమన్నదీ, గడ్డం దించమన్నదీ, కళ్ళు మూసుకోమన్నదీ అందుకే. ఆయనది ఎలా ఉంటుందో అనుకుంటూ తను పళ్ళు బిగించి నుంచుంది. కళ్ళు మూసుకోమన్నప్పుడు మూసుకుంది. అప్పుడు ఆయన మొహం ఎలా ఉందో ఆవిడ చూడలేదు.

భర్త పోయాక సుందరమ్మ ఏడ్చింది ఆ రోజే. గచ్చు మీద కూర్చుని, కొడుకు వచ్చి పట్టుకున్నా ఆగకుండా, "మీరు నన్ను చూసుకుని వెళ్ళారు. నేను మిమ్మల్ని చూసుకోలేదండీ" అంటూ ఏడ్చింది. చాలాసేపటికి ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, ఆ లైటు బిగించమని జాషువాకి చేత్తో చూపించింది.