అర్థం రెండో ఏడాదిలో

మా పక్కింటి యతిరాజులు తిరుపతిలో ఒక వేద పాఠశాలలో అధ్యాపకుడు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు సంత చెబుతున్నాడు. అంటే, తాను ఒకసారి పలికితే వాళ్లు రెండుసార్లు పలకాలి. ఎవడైనా అర్థం అడిగితే, "ముందు నోరు తిరగనీరా" అంటాడు. ఇంత మంచివాణ్ని, ఇంత మొండివాణ్ని నేను ఇంకొకణ్ని చూడలేదు.

ఆయన కూతురు శ్రీవేదకు పన్నెండేళ్లు. ఉబ్బసం వల్ల బడి మానేసి, రెండేళ్లుగా ఇంట్లో తనంతట తానే చదువుకుంటోంది. చెట్లంటే పిచ్చి. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి, ఆకులూ కాయలూ పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. ఒకరోజు మా ఇంట్లో ఓ పాత పుస్తకంలో ఎర్రచందనం బొమ్మ కింద లాటిన్‌లో నాలుగు వాక్యాలు చూసింది.

"ఇదేం రాసుండారో నేనే చదవాల మామా" అంది. ఆ పట్టుదల చూసి ముచ్చటేసింది.

ఇద్దరం నెట్‌లో వెతికి ఒక లాటిన్ కోర్సు ఎంచుకున్నాం. మొదటి పేజీ నుంచే చిన్న చిన్న కథలు. చదువుతూ చదువుతూ అర్థం పట్టుకోవాలి. గురువు పక్కన లేని పిల్లకు అంతకంటే ఏం కావాలి? గాడిద తోటలో పడి కూరలన్నీ మేసేసే మొదటి పాఠం చదివి శ్రీవేద పడీ పడీ నవ్వింది.

యతిరాజులుకు అది చదువులాగే కనబడలేదు. రికార్డింగులు విని విభక్తుల పట్టికలన్నీ వల్లె వేసే మరో కోర్సు తెచ్చాడు. అందులో అర్థం రెండో ఏడాదిలోగాని మొదలు కాదు.

"కతలు యాడికి పోతాయి సార్? ముందు నోటికి రానీండి" అన్నాడు. పరాయి ఇంటి వ్యవహారం మనకెందుకులే అని నేను నోరు మూసుకున్నాను. నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

ఏడాది పాటు రోజూ పొద్దున్నే గోడ అవతల నుంచి సంత వినబడింది. రికార్డింగు ఒకసారి, పిల్ల రెండుసార్లు. నా దగ్గరికి ఆకులు రావడం తగ్గింది, తర్వాత ఆగిపోయింది.

మొన్న యతిరాజులు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "మీ ఎర్రచందనం పేజీ తీయండి సార్, ఎట్ల చదువుతాదో సూడండి."

శ్రీవేద గడగడా చదివింది. తండ్రి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం రాశారమ్మా అందులో?" అడిగాను.

"తెలీదు మామా." పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "తెలుసుకోవాలని కూడా లేదు."

యతిరాజులు కంగారుపడ్డాడు. "ఆ కతల కోర్సులోనే చేరుస్తానమ్మా, రేపే."

"వద్దు నాయనా." ఆ గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు చిన్నప్పుడు మీ గురువుని అర్థం అడగలేదా?"

"అడిగినాను. తొమ్మిదేండ్లప్పుడు."

"చెప్పినారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మళ్లా అడగలేదా?"



"అడగాలని అనిపించలేదమ్మా" అన్నాడు.