అన్‌సీజన్ జీతాలు

బొంబాయిలో ఉద్యోగం వచ్చిందని ఉత్తరం అందిన వారంలోనే, నాన్న పనిచేసే పంచదార మిల్లు మూతపడేలా ఉందన్న కబురు కూడా వచ్చింది. మొదటి దానికి అమ్మ పాయసం చేసింది. రెండోది విన్న మర్నాడు కూడా నాన్న ఎప్పటి వేళకే మిల్లుకి వెళ్లారు. నాన్న ఆ మిల్లులో గుమస్తా. ఇంటి అద్దె, తమ్ముడి కాలేజీ, అమ్మ మందులు అన్నీ ఆ జీతం మీదే నడిచేవి. పాత బాయిలరు పనికిరాకుండా పోయింది. కొత్తది కొనడానికి బ్యాంకు అప్పిస్తే మిల్లు ఉంటుంది, లేకపోతే లేదు.

నా ఉద్యోగం మర్చంట్ బ్యాంకింగ్‌లో. కంపెనీలకు షేర్లు అమ్మిపెట్టడం, పెద్ద అప్పులు కుదిర్చిపెట్టడం అక్కడి పని. నర్సీపట్నంలో ఎవరికి చెప్పినా, "అంటే షావుకార్ల బ్యాంకేటి?" అనేవారు. నేనూ అంతకంటే బాగా చెప్పలేకపోయేదాన్ని. ఎమ్‌.కామ్‌. పాసయ్యానన్న మాటే గానీ, ఒక కంపెనీ రాబోయే ఏళ్లలో ఎంత తెస్తుందో, ఎంత తింటుందో లెక్కగట్టడం నాకెవరూ నేర్పలేదు. చేరేలోపు నేర్చుకు రమ్మని ఆ ఉత్తరంలోనే రాశారు.

ఊళ్లో అది తెలిసినాయన ఒక్కరే. అప్పుల విభాగంలో పనిచేసి రిటైరైన బ్యాంకు మేనేజరుగారు. రైసు మిల్లులకీ, ఇటుక బట్టీలకీ ప్రాజెక్టు రిపోర్టులు రాసిపెట్టేవారు. మా మిల్లు యజమాని కూడా ఆయన దగ్గరికే వచ్చారు. నేర్పమని నేను వెళ్లేసరికి మేనేజరుగారు ఆ పనే నా ముందు పెట్టారు.

"పుస్తకంలో లెక్కలెందుకమ్మా, మీ నాన్న మిల్లు మీదే నేర్సుకో. అన్నీ నీకు తెలిసినవే కదా."

సగం చాపంత కాగితాలు. ఎడమ పక్క వరసగా చెరకు, కూలి, జీతాలు, కరెంటు. కుడి పక్కకి రాబోయే ఏళ్లు. అంతా పెన్సిలే. చెరకు ధర ఒక్కటి మారిస్తే చాలు, దాని పక్కవీ, కిందవీ అన్నీ చెరిపి మళ్లీ వేయాలి. సాయంత్రానికి నా ఒళ్లంతా రబ్బరు పొట్టు. మేనేజరుగారు వచ్చి మొత్తం చూసేవారు కాదు. "అడుగు వరస సూపించు" అనేవారు. అన్నిటికీ కిందుండే ఆ వరసలో, ఖర్చులన్నీ పోగా మిగిలేది బ్యాంకుకి కట్టాల్సిన వాయిదాకి ఒకటిన్నర రెట్లుండాలి. ఎన్నిసార్లు చేసినా వాయిదాకే చాలేది కాదు.

చెరకు ఎక్కువొస్తుందని వేసి చూశాను. ఆయన నవ్వారు.

"కాకిలెక్కలొద్దు. బెల్లం ధర కాస్త లేసిందంటే రైతు మీ మిల్లుకి సెరకు తోల్తాడేటి? పొలంలోనే పొయ్యెట్టి బెల్లం వండేసుకుంటాడు."

నిజమే. కోటవురట్ల దారిలో అలా వెనక్కి మళ్లిన చెరకు బళ్లని నేనే చూశాను. చెరకు పెరగదు. పంచదార ధర మన చేతుల్లో లేదు. ఆయన పెన్సిలు కిందకి దించి, జీతాల దగ్గర ఆపారు. చెరకాడే నెలల జీతాలు ఒక వరస. మిల్లు ఖాళీగా ఉండే నెలల్లో గుమస్తాలకిచ్చే అన్‌సీజన్ జీతాలు ఇంకో వరస.

"ఇది తీసి సూడు."

ఆయనకి మా నాన్న గుర్తుకు రాలేదో, వచ్చే అన్నారో నేను అడగలేదు. రబ్బరు తీసుకుని చెరిపాను. కోపం రావాలి, రాలేదు. ఏడుపూ రాలేదు. ఎవరి నాన్న సంగతో చూస్తున్నట్టు కూడికలు మళ్లీ వేసుకుంటూ పోయాను. అడుగు వరస సరిపోయింది. నా చేతిలో నిలబడిన మొదటి లెక్క అదే.

"నిలబడింది" అన్నారు మేనేజరుగారు. మజ్జిగ తెప్పించారు. తాగాను.

అంత వెడల్పు కాగితం ఊళ్లో ఏ టైపు మిషన్‌లోనూ పట్టదు. మిల్లు నుంచి బ్యాంకుకి వెళ్లే కాగితాలన్నీ నాన్న చేతిరాతతోనే వెళ్లేవి. యజమానికి ఆ రాతంటే గురి. అందుకని వాటిని సిరాతో తిరగరాసే పని కూడా నాన్నకే వచ్చింది. ఆదివారం అరుగు మీద పీట వేసుకుని కూర్చున్నారు. నేను చదువుతున్నాను, ఆయన రాస్తున్నారు. ముందుగా చెప్పాలని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. చెరకు అయింది. కూలి అయింది. సీజన్ జీతాలు అయ్యాయి.

"అన్‌సీజన్ జీతాలు" అని ఆగాను.

"ఊఁ, సెప్పమ్మా."

"సున్నా."

"అన్నేళ్లూనా?"

"అన్నేళ్లూ, నాన్నా."

కలం సిరాలో ముంచి, గడికో సున్నా చుట్టుకుంటూ చివరి గడి దాకా వెళ్లారు. అన్నీ ఒకే సైజులో, గుండ్రంగా వచ్చాయి. అద్దుడు కాగితం వేసి మెల్లగా ఒత్తారు. అప్పుడు తలెత్తారు.

"మిల్లు ఉంటాది కదా?"

"ఉంటుంది."

"అయితే తరవాత వరస సదువు."

తరవాతది కరెంటు. చదివాను.