తోడించిన బావి

1997 ఫిబ్రవరిలో నేను నెల్లూరులో అసిస్టెంట్ హైడ్రోజియాలజిస్టుగా పని చేస్తున్నాను. భూమిలోని నీటి మట్టాన్నీ నాణ్యతనూ కనిపెట్టి ఉండటం మా పని. ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్లే రోడ్డు మీద ఒక పెట్రోలు బంకు, దాని వెనకనే మిషన్ వారి ఆడపిల్లల హాస్టలు ఉండేవి. హాస్టల్లో అన్నం పెట్రోలు వాసన వస్తోందని ఒక పిల్ల తండ్రి మండలాఫీసులో అర్జీ ఇచ్చాడు. జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేయమని నాకు ఉత్తర్వు వచ్చింది. అంటే బంకు వారికీ హాస్టలు వారికీ ముందుగా నోటీసు ఇచ్చి, అందరి ఎదుట నీటి నమూనా తీయాలి. నోటీసు నేనే పంపాను.

వెళ్లేసరికి హాస్టలు బావి పెళ్లింటిలా ఉంది. వరలకు సున్నం కొట్టారు, గట్టు కడిగారు. నీళ్లు తేటగా ఉన్నాయి. బ్లీచింగు వాసన తప్ప మరో వాసన లేదు.

వార్డెన్ సలోమమ్మ ఎదురొచ్చింది. "మీరొస్తారని నిన్నంతా ఆయిల్ ఇంజను పెట్టి తోడిచ్చినాం మేడమ్. మనుషులు దిగి అడుగు దాకా కడిగినారు. ఆఫీసర్లొస్తే బావి అట్టనే వదిలేస్తామా?"

బంకు యజమాని శెట్టిగారికి ఇంతకన్నా ఏం కావాలి? "ఇంకేంది మేడమ్, అద్దం మాదిరుండాయి గదా నీళ్లు. సీసాలో పట్టుకొని రాసెయ్యండి. అయినా నేల నా బంకు పక్కకే వాలు. పెట్రోలు మెట్టకెక్కుద్దా?"

వంటామె అక్కడే ఉంది. "అంత బాగుంటే ఒక చెంబు తాగండి శెట్టిగారా," అంది.

"ఇయ్యాల నాకు ఒక్కపొద్దు."

"కూటికి గదా ఒక్కపొద్దు, నీళ్లకేంది?"

అందరూ నవ్వారు. సలోమమ్మ నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. "బావి చెడిందని రాస్తే హాస్టలు మూసేస్తారు మేడమ్. ఈళ్లంతా ఉదయగిరి కొండ పక్క ఊళ్ల పిల్లలు. ఒకసారి ఇంటికి పొయ్యినారంటే మళ్లీ బడి మొహం చూడరు. బాగుండాయని రాయండి."

బంకు వారూ, హాస్టలు వారూ ఒకే మాట కోరుతున్నారు. నేను నమూనా తీయలేదు. తోడించిన బావిలో ఉండేది అప్పుడే ఊరిన నీరు. పెట్రోలు నీటి మీద తేలుతుంది కాబట్టి పైనున్నదంతా తోడటంతోనే పోయి ఉంటుంది. మిగిలిన దాని వాసనను బ్లీచింగు కప్పేస్తుంది. ఆ సంగతి రిపోర్టులో రాసి, ఆ నీళ్లు తాగటానికీ వంటకూ వాడవద్దన్నాను. ఎమ్మార్వో గారు ట్యాంకరు ఏర్పాటు చేశారు. ఒక సీసా పట్టి ఫైలు ముగించక ఎందుకీ తంటా అని మా డిప్యూటీ డైరెక్టరు ఫోనులో విసుక్కున్నారు. పరిశీలన బోర్లకు మాత్రం అనుమతి ఇచ్చారు.

పరిశీలన బోరంటే నీళ్లు వాడుకోవటానికి కాదు, చూడటానికి వేసే సన్న బోరు. మూడు వేయించాను: బంకుకూ బావికీ మధ్య ఒకటి, మిగతా రెండు హాస్టలుకు చెరో పక్క. బోర్ల మూతుల ఎత్తును లెవెల్ యంత్రంతో కొలిచి, నీటి మట్టాలను ఒకే లెక్కలోకి తెచ్చాను. నేల వాలు బంకు వైపే ఉంది, శెట్టిగారు చెప్పింది నిజమే. కింద నీటి వాలు మాత్రం బంకు నుంచి బావి వైపు ఉంది. అక్కడ నేల కింద ఉన్నది చివికిన రాయి. నీరు పై నేలను చూసి నడవదు, పగుళ్ల వెంట నడుస్తుంది.

బంకుల్లో ట్యాంకులోకి నీరు దిగిందేమో చూడటానికి కొలకర్రకు ఒక పేస్టు పూస్తారు. అది పెట్రోలుకు మారదు, నీళ్లు తగిలితే రంగు మారుతుంది. శెట్టిగారి పేస్టే అడిగి తీసుకుని, స్టీలు టేపుకు పూసి మధ్య బోరులోకి దించాను. పైకి తీస్తే, రంగు మారిన చోటికి పైన రెండు వేళ్ల మందం టేపు తడిసి ఉంది. అది పెట్రోలు. శెట్టిగారు టేపును వాసన చూసి బంకులోకి వెళ్లారు.

తిరిగి ఊరిన బావిలో వాసన మునుపటికన్నా ఎక్కువైంది. ఒక్కసారిగా అడుగు దాకా తోడటం చుట్టూ ఉన్న పెట్రోలును బావిలోకే లాక్కొచ్చింది. ఈసారి అందరి ఎదుటా నమూనా తీశాను. వాసన ఎందుకు పెరిగిందో సలోమమ్మకు చెప్పాను. "శుభ్రం చెయ్యబొయ్యి మేమే తెచ్చుకున్నామా మేడమ్?" అని అడిగింది. కొంతవరకు అవునన్నాను. లీకు వారి వల్ల కాదని కూడా చెప్పాను.

బంకులో తవ్వి చూస్తే పెట్రోలు పంపు కింద పైపు జాయింటు కారుతోంది. ఆయిల్ కంపెనీ వారు దాన్ని మార్చారు. బావి మూయించాం. హాస్టలు మూతపడకూడదంటే మంచినీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో చూపాలి. అందుకు అవే మూడు బోర్ల మట్టాలు పనికొచ్చాయి. బంకుకు దూరంగా, దాని కింది నుంచి కాకుండా వేరే వైపు నుంచి నీరు దిగివచ్చే పక్క చేతిపంపు బోరు వేశారు. ఖర్చు బంకు భరించింది. నీళ్లు తక్కువ, కొంచెం ఉప్పన. పిల్లలు పొద్దున్నే వరసలో నిలబడాల్సి వచ్చేది. ఎవరూ ఇంటికి పోలేదు. నేను బదిలీ అయ్యేదాకా నెలనెలా మధ్య బోరు చూశాను. పెట్రోలు పొర పోయింది గాని వాసన పోలేదు.

తీసిన నాటి నీటి సంగతినే నమూనా చెబుతుంది. ఆ నీరు బావిలోకి ఎలా వచ్చిందో తెలియకపోతే పరీక్ష ఫలితానికి అర్థం లేదు. రెండు పక్షాలకు ముందుగా చెప్పటం నిబంధన, దాన్ని మార్చలేను. అందుకని తర్వాత పంపిన ప్రతి నోటీసు కింద నా చేత్తో ఒక వాక్యం రాసేదాన్ని: మేము వచ్చేదాకా బావి తోడించవద్దు, కడగవద్దు, మందు చల్లవద్దు. రిటైరయ్యేదాకా అది మానలేదు.