గోదావరిఖనిలో నిండని బ్యాటరీ

శుక్రవారం ఉదయం ఆరుంబావుకు ఉప్పల్ దాటాం. నేనూ, నా భార్య విమలా, మా వ్యానూ. ఒకప్పుడు కూరగాయలు మోసిన వ్యాను అది. దాన్ని కొని, లోపల రెండు పడకలు, చిన్న ఫ్రిజ్, ఒక ఫ్యాను బిగించి, పైకప్పు మీద సోలార్ పలక పరిచి, సీటు వెనక లిథియం బ్యాటరీ పెట్టించాను. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు కరెంటు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి వైరింగు మొత్తం నేనే చేశాను. ఈ మాట దారిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను కూడా.

ఇంత హంగామా ఎందుకంటే, విమల ఇల్లు కదిలి బయట పడుకుని మూడేళ్లయింది. ఆమెకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. రాత్రిళ్లు ముక్కుకు మాస్కు తగిలించుకుని, గాలి ఊదే చిన్న మెషిన్ పెట్టుకుంటేనే నిద్ర. పెళ్లిళ్లకు వెళ్లినా, సాయంత్రానికి ఇంటికి తిరిగి రావాల్సిందే. సత్రంలో ప్లగ్గు మంచానికి అందదు, కరెంటు పోతుంది, పక్కవాళ్లు మెషిన్ చప్పుడుకు విసుక్కుంటారు. "అందరి మధ్య ఆ తొండం పెట్టుకుని పడుకోలేను" అనేది. తను పుట్టి పెరిగిన గోదావరిఖని చూడాలనీ, మంథని దగ్గర గోదావరి ఒడ్డున ఒక్క రాత్రి పడుకోవాలనీ ఆమెకు ఎన్నాళ్లనుంచో కోరిక. బండి తయారయ్యాక ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. దారిలో మెషిన్ ఒక్కసారి ఆగినా బండి అమ్మేయాలి, మళ్లీ ప్రయాణం మాటెత్తకూడదు. నా వైరింగు మీద నమ్మకంతో సరేనన్నాను.

ఎనిమిదింటికి సిద్దిపేటలో ఇడ్లీ, వడ. పదిన్నరకు కరీంనగర్ దాటాం. పెద్దపల్లి రాగానే ఎప్పటిలాగే విమల మాట మారిపోయింది. ఆమె తండ్రి మా కృష్ణా జిల్లా నుంచే వెళ్లి గనిలో చేరాడు గానీ, ఈమె మాత్రం అచ్చంగా ఖని పిల్ల. రోడ్డు పక్క బుట్ట పెట్టుకున్న ముసలామెను "జామపండ్లు కిలో ఎట్లిస్తున్నవ్ అవ్వా?" అని పలకరించి, నావైపు తిరిగి "జల్ది పోనియ్యుండ్రి" అంది. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆ గొంతు విన్నప్పుడల్లా నాకు హుషారు వస్తుంది.

అక్కడి నుంచి బొగ్గు లారీల వెనక నెమ్మదిగా నడుపుకుంటూ పన్నెండున్నరకు గోదావరిఖని చేరాం. విమల వాళ్ల పాత క్వార్టర్‌లో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. గుమ్మం ముందు నిలబడి, తను కూర్చుని చదువుకున్న అరుగు చూపించింది. మెస్సులో భోజనం బాగుంది, గోంగూర పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నాం. సాయంత్రం ఆటస్థలం పక్కన బండి నిలుపుకోవడానికి వాచ్‌మన్‌ను అడిగితే, "ఉండుండ్రి సార్, ఏం ఫికర్ లేదు" అన్నాడు. రైస్‌కుక్కర్‌లో అన్నం వండుకుని, బ్యాటరీ ఎంతుందో మీటరు చూశాను. నాలుగు గీతలూ వెలుగుతున్నాయి. హాయిగా పడుకున్నాను.

తెల్లవారి అయిదుంబావుకు లేచేసరికి విమల బండి మెట్టు మీద శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. మాస్కు ఒళ్లో ఉంది.

"ఎప్పుడు ఆగింది?"

"మూడింటికి."

"నన్ను లేపలేదేం?"

"లేపితె ఏం చేస్తరు, పాఠం చెప్తరా?"

కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె కోప్పడలేదు, "టీ తాగి ఇంటికి పోదాం" అంది, అంతే. బాధగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది. బ్యాటరీ అడుగంటితే లోపలి రక్షణ ఏర్పాటే దాన్ని కట్టేస్తుంది. అది తప్పు కాదు. సాయంత్రం నాలుగు గీతలున్న బ్యాటరీ మూడింటికి ఎలా అడుగంటిందన్నదే నాకు అంతుబట్టలేదు.

తిరిగి వెళ్లేముందు, సెంటినరీ కాలనీలో ఉండే స్వరూపను పలకరించి పోదామంది విమల. స్వరూప ఆమె చిన్ననాటి స్నేహితురాలి చెల్లెలు. తండ్రి ఉద్యోగం తనకొచ్చి, గని పైన ల్యాంప్‌రూంలో పనిచేస్తుంది. గనిలోకి దిగేవాళ్ల టోపీ లైట్లకు చార్జింగు పెట్టి, షిఫ్టు షిఫ్టుకూ ఇచ్చి పుచ్చుకునే గది అది. అరగంట ప్రయాణం. తొమ్మిదిన్నరకు వెళ్లేసరికి ఆమె పెరట్లో బట్టలారేయబోతోంది. మమ్మల్ని చూసి "అక్కా, గిప్పుడా వచ్చుడు!" అని నవ్వుతూనే, తడిగుడ్డ తీసుకుని దండెం తీగను ఈ చివర నుంచి ఆ చివరకు తుడిచింది. గుడ్డ నల్లగా అయింది. దాన్ని జాడించి మళ్లీ తుడిచింది. ఆ తర్వాతే చీర ఆరేసింది.

"ఉతికిన బట్టలకు ముందు తీగ తుడవడమేంటమ్మా?" అన్నాను.

"తుడ్వకుంటె చీర నడుమ నల్లగీత పడ్తది సార్. బొగ్గు దుమ్ము కద. ఈడ పుట్టినోళ్లకు ఎవ్వలూ చెప్పే పనే లేదు."

విమల ఆ గుడ్డకేసి చూస్తూ నిలబడిపోయింది. తర్వాత నావైపు తిరిగింది. "ఏమండీ, పైన పలక తుడిచిండ్రా?"

నిచ్చెన వేసుకుని ఎక్కాను. నీలంగా ఉండాల్సిన పలక కంకర బాటలా బూడిదరంగులో ఉంది. వేలు పెట్టి గీస్తే గీత పడింది. నిన్న పెద్దపల్లి నుంచీ మూతలు సరిగ్గా లేని లారీల వెనకే వచ్చాం. ఎండ బాగానే కాసింది, మా బ్యాటరీకి మాత్రం అందలేదు. "చిన్నప్పుడు రోజూ తీగ తుడిచినదాన్ని, హైదరాబాద్ పొయ్యి మరిచిపోయిన" అని విమల తల కొట్టుకుంది. నాకైతే ఆ సంగతి ఎన్నడూ తెలియనే తెలియదు.

"గట్లనైనా ఒక్క దినంల బ్యాటరీ ఖాళీ కాదు సార్" అంది స్వరూప, రాత్రి సంగతంతా విమల నోట విని, టీ గ్లాసులు తెచ్చిస్తూ. "నిన్న ఎన్ని గంటలు కాలింది?"

"గంటలు చూడలేదు. మీటర్లో నాలుగు గీతలున్నాయి."

ఆమె మర్యాదకు నవ్వు ఆపుకుంది. "గీతలు సూసి నమ్మద్దు. మా పాత లైట్లు మంచియి, అయిపోయే ముంగట మసకయ్యేటియి, చెప్పి పొయ్యేటియి. కొత్త లైట్లు ఆఖరి దాక ఒక్క తీర్గ వెలిగి, ఒక్కసారే పోతయి. అందుకే మేం వెలుగు సూడం. ఎన్ని గంటలు కాలింది, ఎన్ని గంటలు చార్జింగుల ఉంది, గదే సూస్తం."

ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఒక్క గ్లాసు టీ పూర్తయ్యేలోగా పాఠం అయిపోయింది. నా మీటరు పాత రకం బ్యాటరీది. వోల్టేజి చూసి గీతలు వెలిగిస్తుంది. లిథియం వోల్టేజి దాదాపు చివరిదాకా పెద్దగా కదలదు, కాబట్టి సగం ఖాళీ అయినా దానికి నిండుగానే కనిపిస్తుంది. ఇంకో ఘనకార్యం కూడా చేశాను. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ కోసం కొన్న పాత చార్జరుతోనే దీన్నీ నింపాను. అది నిండకుండానే నిండిందనుకుని ఆగిపోయి ఉంటుంది. బ్యాటరీతో వచ్చిన అసలు చార్జరు మంచం కింద, అట్టపెట్టెలో, సీలు విప్పకుండా ఉంది. విమల దాన్ని బయటికి లాగి నా ఒళ్లో పెట్టింది.

పదింటికి స్వరూప వాళ్ల కిటికీలోంచి వైరు వేశాం. విమల నన్ను పక్కకు తప్పుకోమని, చీర కొంగు బొడ్లో దోపి, తనే నిచ్చెనెక్కి రెండు బకెట్ల నీళ్లతో పలక కడిగింది. పొడిగుడ్డతో రుద్దితే గాజు మీద గీతలు పడతాయి, నీళ్లతోనే జార్చాలి. నల్లనీళ్లు బండి పక్కలమ్మట కారాయి. రెండున్నరకు స్వరూప డ్యూటీకి బయల్దేరుతూ, ఇంటి తాళంచెవి విమల చేతిలో పెట్టింది. "నిండినంక వైరు తీసి, తాళమేసి పక్కింటి కాకకియ్యండి. ఇంటికే పోతున్నరా?"

విమల పలక వైపు చూసింది, చార్జరు వైపు చూసింది. "మంథనికి" అంది.

మూడున్నరకు చార్జరు మీద పచ్చదీపం వెలిగింది. అయిదింటికల్లా గోదావరి ఒడ్డున ఉన్నాం. నీళ్లు తగ్గి, ఇసుక తిన్నెలు తేలి ఉన్నాయి. ఆ రోజు రైస్‌కుక్కర్ జోలికి పోలేదు, మంథనిలో రొట్టెలు కట్టించుకున్నాం. గంటల లెక్క నా చేత పైకి చెప్పించింది విమల. ఫ్రిజ్ ఇంత, ఫ్యాను ఇంత, మెషిన్ ఇంత. తొమ్మిదింటికి మాస్కు పెట్టుకుంది. మెషిన్ చప్పుడు వింటూ నేనూ పడుకున్నాను.

కళ్లు తెరిచేసరికి ఆరూ ఇరవై. మెషిన్ ఇంకా ఊదుతోంది. విమల ఒక చేయి చెంప కింద పెట్టుకుని, చిన్నపిల్లలా నిద్రపోతోంది. మూడేళ్లలో మా పడకగది బయట ఆమె నిద్రపోగా నేను చూడటం అదే మొదటిసారి. ఏడుపొచ్చినంత పనైంది. ఫ్యాను చప్పుడు ఆమెను లేపుతుందేమోనని దాన్ని ఆపేసి, మెట్టు మీద కూర్చున్నాను. ఎనిమిదింటికి తనే లేచి, ఇంతసేపు ఎందుకు పడుకోనిచ్చారని నన్ను తిట్టింది.

ఈ దారిన వచ్చేవాళ్లకు రెండు మాటలు. లోపలికెంత కరెంటు పోయిందో, బయటికెంత వచ్చిందో లెక్కగట్టే మీటరు పెట్టించుకోండి. బొగ్గు ఊళ్లలో ప్రతి ఉదయం పలక కడగండి. మిగతాది ఊళ్లోవాళ్లే చెబుతారు, అడిగితే చాలు.

తిరుగు దారిలో, పదకొండింటికి, పెద్దపల్లి దాటాక టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టతను వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి తొంగి చూసి, "మంచిగున్నది సార్. నాకు టిఫిన్ బండికి గిట్లాంటిదే కావాలె. అమ్ముతరా? మంచి ధరే ఇస్త" అన్నాడు.

మాట ప్రకారం ఆ జవాబు నాది కాదు. మెషిన్ ఆగింది, షరతు షరతే. నేను విమల వైపు చూశాను. ఆమె టీ చివరి గుటక దాకా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"అమ్మం తమ్మీ" అంది. "నాకు ఈ బండిలనే నిద్ర పడ్తది."