జానెడు జుట్టు మొక్కు

ఈ రోజు అనంతపురం ఆసుపత్రిలో అమ్మకు చెకప్. పోయినేడాది అండాశయంలో గడ్డ ఉందని ఆపరేషన్ చేసి తీశారు. బయాప్సీలో క్యాన్సర్ అని, రెండో స్టేజి అని తేలింది. కీమో మొదలుపెట్టే ముందు అమ్మ, తనకు నయమైతే తలనీలాలు ఇస్తానని కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. ఆ నెలలోనే కీమోకు జుట్టంతా రాలిపోయింది.

పొద్దున స్కాన్, రక్తపరీక్ష రిపోర్టులు చూసి డాక్టరమ్మ నవ్వింది. "ఎక్కడా ఏమీ లేదమ్మా. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలు."

నాకు కన్నీళ్లు ఆగలేదు. అమ్మ మాత్రం తల మీది కొంగు తీసి, వేలెడు కూడా లేని కొత్త జుట్టు చూపించింది.

"మేడం, ఇది జానెడు పెరగాలంటే ఎన్నాళ్లు పడతాది? మొక్కు ఉండాది."

"దేవుడు కొలుస్తాడా ఏంటమ్మా? ఇప్పుడే ఇచ్చెయ్యండి."

"బలే చెప్తివి మేడం! కాయ గట్టిపడకముందే శెనక్కాయ చెట్టు పీకుతామా?"

డాక్టరమ్మ పగలబడి నవ్వి, జానెడంటే ఏడాదిన్నర పైనే పడుతుందని చెప్పింది.

"అట్లయితే అంతదాంకా ఆ సామి నన్ను పైకి పిల్చేకి లేదు" అంది అమ్మ.

తిరుగు ప్రయాణంలో బస్సు ముదిగుబ్బ చేరేలోపే మొక్కు మారిపోయింది. జానెడు మరీ తక్కువట, మూరెడు ఇస్తుందట.

జుట్టు తొందరగా పెరిగే చిట్కాలు మీకెవరికైనా తెలిస్తే, దయచేసి మా అమ్మకు మాత్రం చెప్పకండి.