మా బండ కింద మోటారు

చిత్తూరులో మా వీధి అంగళ్లకి మున్సిపాలిటీవాళ్లు కొత్త నీళ్ల పైపు వేసినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది మా నాయనే. మాది టిఫిన్ అంగడి. నీళ్లు పుష్కలంగా వచ్చినాక బేరం బాగా పెరిగింది.

వీధి చివర జ్యూసు అంగడామెకి మాత్రం కొళాయిలో చుక్క రాలేదు. రోజూ పొద్దున ఖాళీ బిందెలతో మా దగ్గరికి వచ్చేది. నాయన కాదనకుండా రెండు బిందెలు పట్టించేవాడు. "నీ కడుపు సల్లగుండా అన్నా," అని దండం పెట్టిపోయేది.

నాకు ఒళ్లు మండిపోయింది. చివరిదాకా నీళ్లు పోని పైపు ఎవరికోసం వేసినట్టు? ఆమె తరఫున నేనే మున్సిపల్ ఆఫీసుకు పోయి, గొంతు చించుకుని అరిచి, అర్జీ ఇచ్చి వచ్చినాను.

మర్నాడు నీళ్లొచ్చే వేళకు ఫిట్టరు వచ్చినాడు. ఒక్కో కొళాయీ చూసుకుంటా మా అంగట్లోకి వచ్చి, గ్రైండరు ఆపమన్నాడు. ఆపినా గుర్రుమనే చప్పుడు ఆగలేదు. గిన్నెలు కడిగే బండ పక్కకు జరిపినాడు. దాని కింద మోటారు, వీధి నీళ్లన్నీ మా తొట్టిలోకి గుంజుతా ఉండాది. ఇన్నాళ్లూ నేను దాన్ని గ్రైండరు చప్పుడే అనుకున్నాను.

నాయన ఫిట్టరుతో, "ఆమెకి రోజూ మేమే కదప్పా నీళ్లు పోస్తా ఉండేది," అన్నాడు.

బిందెలతో వాకిట్లో నిలబడిన ఆమె ఆ మాట వినింది.

"నా నీళ్లు నాకు పోసినందుకా అన్నా, ఇన్నాళ్లూ నీకు దండం పెట్టినాను?"